ఏడో టేబుల్ గెస్టు గారికి

ఓడ మీద నుంచి,
మార్చి 9, మధ్యాహ్నం.
రేవు వదిలి రెండో రోజు.

ఏడో టేబుల్ గెస్టు గారికి,

ఆ టేబుల్‌కు వడ్డించిన మనిషి చేతులు జోడించి విన్నవించుకునేది ఏమంటే, ఇక్కడ మేమందరం క్షేమం. తమరు కూడా తమ ఓడ మీద క్షేమంగా ఉండి, వేళకు తింటూ, నడుం నొప్పికి ఆ పచ్చ మూత నూనె మానకుండా రాసుకుంటున్నారని తలుస్తాను. జనవరి ఇరవై ఎనిమిదిన తమరు మా రెస్టారెంటుకు దయచేసినందుకు, పోతూ పోతూ ఘనంగా టిప్పు ఇచ్చినందుకు మా సిబ్బంది అందరి తరఫున కృతజ్ఞతలు.

చాలు. ఈ తమర్లూ దయచేయడాలూ ఇంతకంటే నావల్ల కాదు.

ఏమయ్యా మొగుడా, నలభై రోజులుగా నేను ఫోను ఎత్తకపోతే ఏమనుకున్నావు? సిగ్నలు లేదనుకున్నావా? రేవులో ఆగిన ప్రతిరోజూ సిగ్నలు ఉంది. నీ పేరు మోగుతున్నంతసేపూ ఫోను చేతిలో పట్టుకుని చూస్తూనే ఉన్నాను. మెసేజ్ అయినా పెట్టొచ్చుగా అంటావు. మెసేజ్ అయితే నువ్వు చదివినట్టు గుర్తు పడుతుంది, తర్వాత ఏదో టైపు చేస్తున్నట్టు చుక్కలు కదులుతాయి, నేను ఆ చుక్కల వంక గుడ్లప్పగించి చూస్తూ కూర్చోవాలి. ఉత్తరం అయితే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు నోరు మెదపడానికి లేదు. పెళ్ళైన నాలుగేళ్ళకు నాకొక దారి దొరికింది.

ముందు కబుర్లు. అత్తయ్య మొన్న ఫోన్ చేశారు. ఆవిడ ఫోను మాత్రం ఎత్తాను, కంగారు పడకు. మొగుడూ పెళ్ళాలు చెరో ఓడలో తిరుగుతుంటే అంత పెద్ద మంచం ఎందుకు కొన్నట్టని అడిగారు. దాని మీద ఆవిడ మడతపెట్టిన బట్టలు పేర్చుకుంటున్నారట. మనం గొడవ పడ్డామని నువ్వు చెప్పావేమోనని ఆవిడ గొంతు జాగ్రత్తగా విన్నాను. చెప్పినట్టు లేదు. అంతవరకు మంచివాడివే.

రెండో కబురు, మా గిన్నెలు కడిగే పెద్దాయన కొత్త బూట్లు కొనుక్కున్నాడు. లోపల మెత్తటి అడుగు ఉన్నవి. అవి నీ చలవే. నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను విను. మీ పెద్ద హాల్లో గెస్టులు వారం పాటు నీ చేతి వడ్డన తిని, ఆఖరి రోజు కవరు తెచ్చి నీ చేతికిస్తారు. అది నీదీ, నీతో అవే టేబుళ్ళు చూసే నీ జోడీదీ. మా దగ్గర గెస్టు వచ్చేది ఒక్క పూట. మా భోజనం ఓడ టిక్కెట్లో కలవదు కనక దానికి విడిగా కడతాడు, అందులోనే మా సేవకు ఇవ్వాల్సింది కూడా కలిసి ఉంటుంది. చీటీ అడుగున ఒక ఖాళీ గీత ఉంటుంది. మనసైతే ఇంకొంత రాయొచ్చు, లేకపోతే కొట్టేయొచ్చు. అలా రాసింది ఏ ఒక్కరి జేబులోకీ పోదు. అందరికీ ఒకటే డబ్బా. కాబట్టి నువ్వు నాకిచ్చాననుకున్నది వంటింట్లోకి, అక్కణ్ణుంచి సింకు దాకా పాకింది. పెద్దాయన రోజూ తన బూట్లు చూపించి, ఏడో టేబుల్ బాబు చల్లగా ఉండాలమ్మా అంటాడు. నా ఒళ్ళు ఎలా మండుతుందో నీకు చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

రెండు ఓడలూ ఒకే రేవులో పక్కపక్కన ఆగడం నాలుగేళ్ళలో అదే మొదటిసారి. నెల ముందే తెలిసింది. అప్పటి నుంచి నా కాళ్ళు డెక్కు మీద ఆనలేదు. నీకు విజిటర్ పాసు పెట్టించాను. మధ్యాహ్నం నాకు డ్యూటీ ఉంది, నువ్వు భోజనానికి రా, నేనే వడ్డిస్తాను, కూర్చోవడం మాత్రం కుదరదు అని నీకు ముందే చెప్పాను. నువ్వు సరే అన్నావు. చూడటమే పదివేలు అన్నావు.

ఏడో టేబుల్ ఎందుకిచ్చానో తెలుసా? కిటికీ పక్కన అదొక్కటే ఇద్దరి టేబుల్. ఆ రోజు అందులోంచి చూస్తే మీ ఓడ తప్ప ఇంకేం కనపడలేదు, తెల్లగా గోడలాగా. పొద్దున్నే వెళ్ళి గ్లాసులు మూడుసార్లు తుడిచాను. నా జోడీ, మా గదిలో పై బెర్తు మనిషి, ఊరికే టైము చెబుతూ ఉంటుందని మేం గడియారం అని పిలిచే ఆవిడ, ఆ గ్లాసులు అరిగిపోతాయే అని మొత్తుకుంది. నీ చేప మరీ ఎండిపోకుండా కాల్చమని వంటాయనకు మూడుసార్లు చెప్పి మూడుసార్లూ తిట్లు తిన్నాను.

పన్నెండున్నరకు వచ్చావు. ఆ నీలం చొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా. గుమ్మం దగ్గర నిన్ను చూడగానే రెండడుగులు ముందుకు వేశాను. కానీ మేనేజరు అక్కడే నిలబడి ఉంది. ఇంటి మనిషి ఎవరైనా వస్తే ముందుగా చెప్పాలనేది రూలు కాబట్టి నువ్వెవరో ఆవిడకు తెలుసు. నేను మాత్రం గెస్టులందరికీ చెప్పినట్టే నీకూ రండి అని చెప్పి, కుర్చీ వెనక్కి లాగి కూర్చోబెట్టాను. ఐసు వేయమంటారా వద్దంటారా అని అడిగాను. వద్దండీ అన్నావు. నీకు ఐసు పడదని నాకు తెలియదా? అయినా అడిగాను. నువ్వూ అంత బుద్ధిగా జవాబు చెప్పావు.

అలవాటు కొద్దీ రెండో ప్లేటు తీయబోయాను. ఉండనివ్వండి అన్నావు. ఒంటరిగా వచ్చిన గెస్టు ఎదురుగా ఖాళీ ప్లేటు ఉంచకూడదని మాకు నేర్పారు, అతనికి ఒంటరితనం గుర్తొస్తుందట. అందుకని తీసేశాను. తీస్తుంటే నా మణికట్టు మీద మచ్చ చూశావు. ఎప్పుడు కాలిందని అడిగావు. ఏం లేదండీ అన్నాను. అది నవంబరులో కాలింది. సూపు గిన్నె. పది రోజులు చీము పట్టింది. నీకు చెబితే అంత దూరం నుంచి ఏం చేయగలవని చెప్పలేదు.

నువ్వు తిన్న తీరు చూస్తే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. తినడం అవగానే ప్లేట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చేశావు. బ్రెడ్డు పొడి అరచేత్తో ఊడ్చి ప్లేటులో వేశావు. ఏ గెస్టయినా అలా చేస్తాడా? పక్క టేబుల్ పెద్దావిడ గ్లాసులో నీళ్ళు అయిపోతే నీ చెయ్యి జగ్గు కోసం సగం లేచింది. నేను కళ్ళురిమితే దించేశావు. ఇటు గెస్టువీ కాలేకపోయావు, అటు మొగుడివీ కాలేకపోయావు. కిటికీలోంచి మీ ఓడను చూస్తూ కూర్చున్నావు. ఆ ఓడలో నీ గది ఏ వైపు ఉందో అడుగుదామనుకున్నాను. పక్క టేబుల్ వాళ్ళు పిలిచారు.

రెండుంబావుకు బిల్లు అడిగావు. నల్ల అట్టలో చీటీ పెట్టి తెచ్చాను. అప్పుడు నువ్వు తలెత్తి, ఇక్కడ విడిగా ఏమైనా ఇవ్వాలాండీ అని అడిగావు. రోజుకు పదిమంది అడుగుతారు ఆ మాట. దానికి చెప్పాల్సిన జవాబు చేరిన రోజే బట్టీ పట్టించారు. మీ బిల్లులోనే కలిసి ఉందండీ, పైన ఇచ్చేది మీ ఇష్టం అని నవ్వుతూ చెప్పాలి. చెప్పి వెంటనే పక్కకు తప్పుకోవాలి. ఆగకూడదు. ఆగితే అడిగినట్టు. ఇది మీ పెద్ద హాల్లోనూ ఉంది, ప్రపంచంలో ట్రే పట్టిన ప్రతివాడికీ తెలుసు.

నేను ఆ మాట చెప్పి, ఆగాను.

నువ్వు నా మొహం వంక చూశావు. తర్వాత తల వంచి పెన్ను తీసుకున్నావు. గెస్టు గుమ్మం దాటేదాకా అట్ట తెరవకూడదనేది ఇంకో రూలు. కాబట్టి నువ్వు థాంక్సండీ అని లేచినప్పుడు, మెట్ల దగ్గర ఒకసారి వెనక్కి తిరిగినప్పుడు కూడా నేను నవ్వుతూనే ఉన్నాను. నువ్వెళ్ళాక తెరిస్తే ఆ గీత నిండి ఉంది. ఖాళీ గీత మీద పెళ్ళానికి వెల రాసి వెళ్ళినట్టు అనిపించింది నాకు. తల కొట్టేసినట్టయింది.

అంతటితో అయిందా? మా దగ్గర వారంలో అందరికంటే ఎక్కువ టిప్పు తెచ్చిన మనిషి శనివారం మీటింగులో గంట కొట్టాలి. నేనే కొట్టాలి. మేనేజరు కాస్త ఇబ్బందిగానే చూసింది కానీ రూలు రూలే అంది. కొట్టాను. అందరూ చప్పట్లు. ఎవరా గెస్టు, మళ్ళీ ఎప్పుడొస్తాడు అని అడిగారు. తెలియదు అన్నాను.

గడియారం ఐదైందని అరుస్తోంది. టేబుళ్ళు సర్దాలి. మిగతాది రేపు రాస్తాను.

మార్చి 10, ఉదయం

నిన్న రాసింది ఇప్పుడు చదివాను. నా కోపం నాకే కొంచెం ఎక్కువనిపించింది. అయినా కొట్టివేతలు లేకుండా అలాగే పంపుతున్నాను.

నువ్వు ఆ సాయంత్రమే ఒక మెసేజ్ పెట్టావు. నువ్వు ఆగావు కదా, అందుకే రాశాను అని. అంతే. ఆ ఒక్క ముక్క నలభై రోజులుగా నన్ను తినేస్తోంది. తోటివాళ్ళ దగ్గర తిని గీత ఖాళీగా వదిలేస్తే, నీ వడ్డన బాగాలేదని మొహాన చెప్పినట్టేనని నీ లెక్క. పైగా నేను ఆగాను. ఇక నువ్వు రాయకుండా ఎలా ఉంటావు? నీ స్థానంలో నేనున్నా రాసేదాన్నే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

మనిద్దరం ఒకే ఓడలో, ఆ పెద్ద హాల్లో జోడీగా పనిచేసిన రోజులు నీకు గుర్తొస్తుంటాయా? అప్పటికి పెళ్ళి మాటే లేదు. నీ కనుబొమ్మ లేస్తే బ్రెడ్డు, తల వంగితే నీళ్ళు. ఆరు టేబుళ్ళు, ముప్పై మంది, పూటంతా మనం ఒక్క మాట మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఎవరి అడుగు ఎటు పడుతుందో రెండోవాళ్ళకు తెలిసేది. తలుపు దగ్గర ట్రేతో ఎదురుపడితే నువ్వు ఎడమకు, నేను కుడికి. ఒక్కసారి గుద్దుకోలేదు. అలాంటిది తాళి కట్టగానే కంపెనీ వాళ్ళు నిన్నొక ఓడకూ నన్నొక ఓడకూ వేశారు. ఇప్పటికి మనం కలిసున్న రోజులు అరవై మూడు. నేను లెక్క పెడతానని వెక్కిరించకు. నువ్వూ పెడతావని నాకు తెలుసు.

మన కంపెనీ ఓడలన్నీ ఒక్కలా ఉండటం ఏం శిక్షో. రేవులో తెల్ల ఓడ కనపడితే చాలు, పేరు చదివేదాకా ఊపిరి ఆడదు. చదివాక పనిలో పడతాను. ఏడో టేబుల్‌కు ఎవరొచ్చినా, నీలం చొక్కా కాకపోయినా, కుర్చీ లాగేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతోంది. మొన్న ఒకాయన ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఎక్కడ పనిచేస్తారండీ అని అడిగాను. నిజంగానే హోటల్లో సర్వరు. అతను వెళ్ళేదాకా అక్కడక్కడే తిరిగాను. గడియారం నన్ను పట్టి లాక్కెళ్ళింది.

నాకు నువ్వు లేక బెంగగా ఉంది. కోపంగా ఉన్నప్పుడూ బెంగగానే ఉంది. నీ గురక కూడా కావాలనిపిస్తోంది, ఇంతకంటే దిగజారలేను.

ఫారం సంగతి. ఇద్దరినీ ఒకే ఓడలో, మీ దాంట్లో, వేయమని అడిగే ఫారం నువ్వు సంతకం పెట్టి పంపింది రెండు వారాల కిందట అందింది. నా సంతకం కూడా పడి పదిహేనో తేదీలోగా ఆఫీసుకు చేరాలి. లేకపోతే మళ్ళీ ఏడాది దాకా అడగడానికి లేదు, ఎవరి కాంట్రాక్టు వారిదే. రేపు ఉదయం రేవులో ఆగుతాం, టపా సంచీ దిగుతుంది. అంటే ఇవాళ సాయంత్రంలోగా నేను తేల్చుకోవాలి.

పెట్టనా వద్దా అని వేయి ఆలోచనలు. మీ ఓడలో ఖాళీ ఉన్నది పెద్ద హాల్లోనేనట, అక్కడికి వస్తే నేను ఈ రెస్టారెంటు వదులుకుని మళ్ళీ అందులో ట్రేలు మోయాలి. ఆరేళ్ళు కష్టపడితే ఇక్కడిదాకా వచ్చాను. పైగా మీ ఓడలో ఇచ్చే జంటగది బీరువా అంత ఉంటుందట. ఇద్దరూ ఒకేసారి నిలబడితే తలుపు తెరుచుకోదట. రోజూ నా మొహం చూస్తే నీకు మొహం మొత్తుతుందేమో కూడా. ఇవన్నీ నిజాలే. ఫారం నా దిండు కింద ఉంది. పొద్దుట్నుంచి నాలుగుసార్లు తీసి చూశాను.

పదకొండైంది, మళ్ళీ పని. నూనె రాసుకోవడం మానకు. మీ అమ్మకు వారానికోసారైనా ఫోన్ చెయ్యి.

ఇట్లు,
కోపం సగమే తగ్గిన
నీ భార్య

తా.క. కవరు అంటించి, మళ్ళీ చింపాను. నాలుగు కాగితాలు నింపి, చెప్పాల్సింది మాత్రం దాచుకున్నాను.

కవర్లో ఒక చిన్న పసుపు చీటీ ఉంది చూడు. పోగొట్టకుండా తియ్యి. మా దగ్గర పనిచేసేవాళ్ళ ఇంటి మనిషి భోజనానికి వస్తే, కాంట్రాక్టుకు ఒక్క పూట, యూనిఫారం విప్పేసి అతనితో పాటు టేబుల్ దగ్గర కూర్చోవచ్చు. మేనేజరు సంతకం ఉంటే చాలు. సంతకం ఉంది. తేదీ కూడా ఉంది, జనవరి ఇరవై ఎనిమిది. కూర్చోవడం కుదరదని నీకు చెప్పింది అబద్ధం. ఆ పూటంతా ఈ చీటీ నా ఏప్రన్ జేబులోనే ఉంది. నా టేబుళ్ళు చూసుకుంటానని గడియారం ముందే ఒప్పుకుంది. ఇంకా ఏప్రన్‌తోనే ఉన్నావేమని మేనేజరు రెండుసార్లు అడిగింది. పని ఉందని తప్పించుకున్నాను.

భయం వేసింది. పోయిన సెలవుల్లో అత్తయ్య ఎవరిదో పెళ్ళికి వెళ్ళిన రోజు గుర్తుందా? ఇంట్లో మనిద్దరమే. భోజనానికి ఎదురెదురుగా కూర్చున్నాం. నువ్వు ఉప్పు సరిపోయింది అన్నావు, నేను అవును అన్నాను. ఆ తర్వాత ఒక్క మాట రాలేదు. నువ్వు లేచి ప్లేట్లు తీశావు, నేను తుడిచాను, అప్పుడు మళ్ళీ ఇద్దరం హాయిగా ఉన్నాం. మనకు పక్కపక్కన నిలబడి పనిచేయడం తెలుసు. ఎదురుగా కూర్చోవడం తెలియదు. రెండు గంటలు నీ ఎదురుగా కూర్చుని, మన మధ్య చెప్పుకోవడానికి ఏమీ లేదని ఆ కిటికీ పక్కన తేలిపోతే నేనేం చేయను? వడ్డించడం అయితే నాకు చేతనవును. అందుకని నిన్ను గెస్టును చేశాను. గెస్టు చేసే పని నువ్వు చేస్తే నలభై రోజులు అలిగి కూర్చున్నాను.

నేను ఆగింది టిప్పు కోసం కాదు. మధ్యాహ్నం భోజనాలు ముగియడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది, కూర్చోనా అని అడగబోయాను. చెయ్యి జేబులోకి పోయింది, చీటీ వేళ్ళకు తగిలింది. ఈలోగా నువ్వు పెన్ను తీసుకున్నావు.

ఫారం మీద సంతకం పెట్టి ఆఫీసు కవర్లో వేశాను. గడియారం దగ్గరుండి వేయించింది. పెద్ద హాలైనా సరే, బీరువా అంత గదైనా సరే. నీ ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఉప్పు గురించే మాట్లాడుకుందాం. నేను వచ్చేదాకా నువ్వు ఎక్కడ భోజనానికి కూర్చున్నా రెండో ప్లేటు మాత్రం ఎవర్నీ తీయనివ్వకు.